కూర్చున్న దేవుడు

మిట్టమధ్యాహ్నం వేళ కూడా మంచుకొండ మీద ఎండ పొడ లేదు. దేవదారు చెట్లు ఆకాశాన్ని మోస్తున్న స్తంభాల్లా బారులు తీరి నిలబడ్డాయి. వాటి మొదళ్ల మధ్య పొగమంచు, పాలకుండ పగిలి ఒలికినట్టు, తెల్లగా చిక్కగా పారుతోంది. కొమ్మల మీంచి జారిన మంచు నేలను తాకినప్పుడల్లా ఎవరో మెత్తని పాదాలతో వెంట నడుస్తున్నట్టుంది. పిట్ట కూత లేదు, పురుగు రొద లేదు. ఆ నిశ్శబ్దాన్ని చీల్చుకుంటూ ఒక నల్లగుర్రం నురగలు కక్కుతూ దూసుకొచ్చింది.

దాని మెడ మీదికి వంగి కూర్చున్నవాడు చూపులకు ఉప్పు అమ్ముకునే మనిషి. నెత్తిన చినిగిన తలపాగా, ఒంటిన గొంగడి, జీనుకు అటూ ఇటూ ఉప్పుసంచులు. కాని ఆ గొంగడి కింద ఉన్నది ఉదయద్వీపపు యువరాజు హేమాంగదుడు. అతని తండ్రిని పాముకాటుతో చంపించి సింహాసనం ఎక్కిన మాంత్రికుడు జంబుకనాథుడు, కొడుకు తల కూడా తెమ్మని నలుదిక్కులకూ భటులను తోలాడు.

జంబుకనాథుడి ఒంటిని మామూలు ఆయుధమేదీ తాకదు. దేవుడి చేతిలో నలిగిన కత్తి ఒక్కటే తాకుతుంది. అలాంటి కత్తి ఆ దీవి మొత్తంలో ఒక్కటే ఉంది. ఈ కొండ కొమ్మున, ఎర్రదొర గుడి కింద, మట్టిగుహలో ఉంది. దాని కోసం వెళ్లినవాళ్లలో కొందరు తిరిగి రాలేదు. తిరిగి వచ్చినవాళ్లు మళ్లీ నోరు విప్పలేదు.

వెనక కొమ్ముబూర మోగింది. ఒక బాణం హేమాంగదుడి చెవి పక్కనుంచి బుస్సుమంటూ పోయి చెట్టులో దిగబడింది. మరొకటి ఉప్పుసంచిని చీల్చింది. దారి పొడుగునా ఉప్పు ధారగా కారుతూ మంచులో కలిసిపోతోంది.

"పట్టుకోండ్రా! వంతెన దాటనివ్వకండి!" అని వెనక నుంచి కేక.

ఎదురుగా నేల హఠాత్తుగా తెగిపోయింది. కింద అడుగు కనబడని లోయ. దాని మీద నాచు పట్టిన తీగల వంతెన ఒకటి గాలి లేకుండానే ఊగుతోంది. గుర్రం వంతెన దగ్గర నాలుగు కాళ్లూ బిగబట్టి నిలిచిపోయింది. దాని ఒళ్లంతా వణుకు, కళ్లలో తెల్లగుడ్లు తప్ప మరేమీ కనబడడం లేదు. హేమాంగదుడు దూకి పరుగందుకున్నాడు. సగం దాటేసరికి కాలి కింద పలక పుటుక్కుమంది. పడుతూ పడుతూ ఒక తీగను దొరకబుచ్చుకున్నాడు. ఒంటిచేత్తో వేలాడుతుండగా పై తీగను బాణం కోసేసింది. వంతెన రెండు ముక్కలైంది. అతను అవతలి బండకు దబ్బున కొట్టుకుని, గోళ్లు ఊడిపోయేంత పట్టుతో రాతి అంచు అందుకుని, ఎలాగో పైకి పాకాడు.

తిరిగి చూస్తే భటులు ఇవతలికి మరో బాణం వెయ్యలేదు. విల్లులు దించి, తలలు వంచి, గుర్రాల కళ్లకు గుడ్డలు కట్టి వెనక్కి నడిపించుకుపోతున్నారు. వాళ్లు జంకింది తనను చూసి కాదని హేమాంగదుడికి తెలుస్తూనే ఉంది. తన వెనక ఏముందో అని మెల్లగా తల తిప్పాడు.

పొగమంచులో నెత్తురు రంగు తోరణం నిలబడి ఉంది. రెండు నిలువు స్తంభాలు, పైన ఒక అడ్డదూలం. తలుపు లేదు, గోడ లేదు. దూలానికి కట్టిన గడ్డితాడు నుంచి తెల్లటి నారపోగులు వేలాడుతున్నాయి. తోరణం ముందు ఒక ముసలమ్మ నడుం వంచి మంచు ఊడుస్తోంది.

"ఎవరయ్యా అది? తోవ తప్పావా, దొర పిలిచాడా?" అంది తల ఎత్తకుండానే.

"ఉప్పు అమ్ముకునేవాణ్ణి అవ్వా. తిప్పడంటారు. గుర్రం బెదిరి పారిపోయింది."

"ఉప్పు మోసేవాడి అరచేతులు పుండ్లు పడి ఉంటాయి నాయినా. నీ చేతిలో కత్తిపిడి కాయలున్నాయి." ముసలమ్మ బోసినోటితో నవ్వింది. "భయపడకు. ఇక్కడికొచ్చినవాళ్లెవరూ సొంత పేరు చెప్పరు. నేను ఈ గుళ్లో దీపం పెట్టేదాన్ని. సంపెంగవ్వ అంటారు. కత్తి కోసమేగా వచ్చావు? కూర్చో. లోపల ఉన్నదెవరో తెలియకుండా లోపలికి పోకూడదు."

చీపురు పక్కన పడేసి ఆమె చెప్పడం మొదలుపెట్టింది.

పూర్వం ఈ దీవిని ఏలిన రాజుకు అరుణకీర్తి అని ఒక కొడుకు. పసితనంలోనే తలగొరిగి సన్యాసుల మఠంలో చేర్చారు. ధ్యానం, మంత్రం, గంటల చప్పుడు తప్ప మరో లోకం తెలియకుండా పెరిగాడు. ఇంతలో సామంతులు తిరగబడి రాజును చెరపట్టారు. అరుణకీర్తి కాషాయం విప్పి ఎర్ర కవచం తొడిగాడు. అడవుల్లో బోయలతో కలిసి తిన్నాడు, పశువుల కొట్టాల్లో పడుకున్నాడు, బిచ్చగాడి వేషంలో శత్రువు కోటలోకే నడిచి వెళ్లాడు. చివరకు తండ్రిని విడిపించి మళ్లీ గద్దె మీద కూర్చోబెట్టాడు. ఆ యుద్ధంలో అతని కుడిభుజం దళవాయి శూరపాలుడు. ఇద్దరూ ఒకే ఆకులో తిన్నారు, ఒకే గొంగడి కప్పుకున్నారు.

"ఆ శూరపాలుడే రాజు చెవిలో విషం పోశాడు" అంది ముసలమ్మ. "'నీ కొడుకు నీ గద్దె కోసం కత్తి నూరుతున్నాడు' అన్నాడు. రాజు నమ్మాడు. ఈ కొండలో మట్టి తవ్వించి, మనిషి నిలబడ్డానికి వీల్లేనంత పొట్టి గుహ చేయించి, కన్నకొడుకుని అందులో కూర్చోబెట్టాడు. ఏళ్లు గడిచాయి. కాళ్లు ఎండు కొమ్మలైపోయాయి. అప్పుడు శూరపాలుడు కత్తి పట్టుకుని గుహలో దూరాడు. అరుణకీర్తి ఏమడిగాడో తెలుసా? 'శూరపాలా, నన్ను లేపి నిలబెట్టు. నిలబడ్డవాణ్ణి చంపు' అన్నాడు."

"లేపాడా?"

"లేపలేదు."

హేమాంగదుడు చూపు దించుకున్నాడు. రాజమందిరంలో ఊయల పాటలు మొదలు కొలువు పాటల దాకా అన్నీ శూరపాలుడి పరాక్రమాన్ని పొగిడేవే. ఆ రాజు తర్వాత గద్దె ఎక్కింది శూరపాలుడే. హేమాంగదుడు అతని వంశంలో మిగిలిన ఆఖరి మొలక. పాటల్లో ఈ గుహ ఊసు ఎక్కడా లేదు.

"ఆ తరువాత ఎండాకాలంలో మంచు కురిసింది. సముద్రం లేచి రాజవీధుల్లోకి వచ్చింది. రాజు కళ్లు పోయాయి. జనం హడలిపోయి గుహ మీద గుడి కట్టి, పూజలు చేసి, ఎర్రదొర అని మొక్కారు. వాడు దేవుడయ్యాడు కాని లేవలేదు. ఇప్పటికీ ఆ కత్తి ఒళ్లో పెట్టుకుని లోపలే కూర్చుని ఉన్నాడు. ఎవరొచ్చినా ఒక్కటే అడుగుతాడు, లేపమంటాడు. అడిగింది చెయ్యి, కత్తి నీదే."

పూజ చేసే మనిషి దేవుణ్ణి వాడు వీడు అనడం హేమాంగదుడి చెవికి ముల్లులా గుచ్చుకుంది. అంతలో గుడి పక్కనున్న కట్టెల కొట్టంలో ఏదో దబ్బుమని చప్పుడైంది.

"పందికొక్కులు నాయినా" అంది ముసలమ్మ చప్పున. "వెళ్లు, పొద్దు వాలకముందే పని కానిచ్చుకో. నాకు మోకాళ్ల నొప్పి, మెట్లెక్కలేను."

అతను తోరణం కింద అడుగుపెట్టాడు. బయట ఉన్న చలి లోపల లేదు. వేడీ లేదు. అక్కడ గాలే లేనట్టుంది. మెట్ల పక్కన రాతిదీపాలు వరుసగా ఉన్నాయి. ఒక్కొక్కటీ దాటుతుంటే వాటి వెనక ఎవరో కవచం సర్దుకున్నట్టు సన్నటి గలగల. ఆగితే ఆగుతుంది, నడిస్తే మొదలవుతుంది. గుడి పైకప్పు చెట్టుబెరడుతో కప్పింది. లోపల విగ్రహం లేదు. నల్లచెక్క పీఠం మీద గుండ్రటి కంచు అద్దం ఒకటి నిలబెట్టి ఉంది.

హేమాంగదుడు చేతులు జోడించి అద్దంలోకి చూశాడు. తన మొహమే కనబడింది. కాని తన తలపాగా లేదు, గొంగడి లేదు. ఆ మొహం ఇనుప టోపీ కింద ఉంది. బుగ్గ మీద నెత్తురు చిట్లి ఉంది. చేతిలో దూసిన కత్తి ఉంది. అద్దంలోని మనిషి వంగి, పొట్టి ద్వారం ఒకదానిలోకి దూరుతూ, వెనక్కి తిరిగి హేమాంగదుణ్ణి చూసి, రహస్యం తెలిసినవాళ్లు ఒకరినొకరు చూసుకున్నట్టు కన్నుగీటాడు.

మరొకడైతే పరుగు లంకించుకునేవాడే. హేమాంగదుడు మాత్రం పళ్లు బిగించి, అద్దం వెనకనున్న చెక్కను పక్కకు జరిపి, మట్టిలోకి తొలిచిన చీకటి రంధ్రంలోకి మోకాళ్ల మీద దూరాడు.

తడిమన్ను వాసన, తుప్పు వాసన. పైకప్పు వీపును రాస్తోంది. దారి వంపు తిరిగేసరికి ఎక్కడినుంచో నిప్పుకణిక లాంటి మసక వెలుగు. ఆ వెలుగులో ఎర్ర కవచం కనబడింది. దాని లోపల ఒక యువకుడు మోకాళ్లు మడిచి కూర్చుని ఉన్నాడు. జుట్టు పెరిగి పెరిగి గుహ నేలంతా వేళ్లలా అల్లుకుంది. ఒళ్లో కత్తి. మొహం పసిమి వాడలేదు, హేమాంగదుడి వయసే ఉంటుంది. మెడ చుట్టూ మాత్రం ఎర్రదారం చుట్టినట్టు ఒక సన్నని గీత.

కళ్లు మూసుకునే అడిగాడు. "ఎవరు?"

"ఉప్పు అమ్ముకునే..." అనబోయి హేమాంగదుడు ఆగిపోయాడు. అక్కడ అబద్ధం గొంతు దాటి రాలేదు.

"చెప్పనక్కర్లేదు. ఈ పాకుడు చప్పుడు నేను విన్నదే. శూరపాలుడు ఇలాగే వచ్చాడు. ఎడమ మోకాలు ముందు వేసి."

"నేను శూరపాలుణ్ణి కాను ప్రభూ. అతని వంశంవాణ్ణి. అతను ఇక్కడ ఏం చేశాడో ఇవాళే తెలిసింది."

"తెలిసీ లోపలికి వచ్చావా?"

"వచ్చాను. మీ కత్తి కావాలి. నా తండ్రిని చంపినవాడు నా జనాన్ని పీక్కు తింటున్నాడు."

కళ్లు తెరుచుకున్నాయి. వాటిలో కోపం లేదు. కోపం ఉన్నా హేమాంగదుడు ఓర్చుకునేవాడు. అక్కడున్నది అలసట. ఏళ్ల తరబడి ఒకే మాట అడిగి అడిగి, వినేవాడు లేక ఎండిపోయిన అలసట.

"లేపు" అన్నాడు అరుణకీర్తి.

హేమాంగదుడు చెయ్యి చాచాడు. అందుకున్న చెయ్యి మంచుగడ్డ. మొదట ఎండుటాకంత తేలికగా వచ్చాడు దొర. ద్వారం వైపు ఒక బారెడు లాగేసరికి మనిషంత బరువయ్యాడు. ఇంకాస్త లాగేసరికి గుర్రంతో సహా మనిషంత. నేలలో దిగబడిన జుట్టు ఒక్కొక్క పాయే ఫట్‌ఫట్‌మని తెగుతోంది. హేమాంగదుడి కాళ్లు మొద్దుబారాయి. తొడల నుంచి పాదాల దాకా ఎముకల్లోకి మట్టి పోసినట్టయింది. చెవుల్లో ఎవరెవరివో కేకలు, యుద్ధభేరీలు, వాటి మధ్య ఒక ముసలి రాజు ఏడుపు.

"వదిలెయ్. మీవాడూ వదిలేశాడు" అంది చెవి పక్కన దొర గొంతు.

"నా మెడ చుట్టూ చేతులు వెయ్యండి" అన్నాడు హేమాంగదుడు రొప్పుతూ. దొరను వీపున వేసుకుని, మోకాళ్లు చీరుకుపోతుంటే నేలను మోచేతులతో లాక్కుంటూ పాకాడు. కొండ కొండంతా తన మీద ఎక్కి కూర్చున్నట్టుంది. ఊపిరి కత్తిరించినట్టు తెగిపోతున్న క్షణంలో తల మీద పైకప్పు లేకుండా పోయింది. గుడి లోపలికి వచ్చిపడ్డాడు.

వీపు మీది బరువు దిగింది. హేమాంగదుడు తలెత్తి చూశాడు. ఎర్ర కవచం మెల్లగా, ఒక్కొక్క కీలే కిర్రుమంటూ, నిటారుగా లేచింది. అరుణకీర్తి నిలబడ్డాడు. తన పాదాల వైపు తానే చూసుకున్నాడు. పసిబిడ్డ మొదటి అడుగు వేసినప్పటి వింత ఆ మొహంలో కదిలింది. మరుక్షణం కత్తి హేమాంగదుడి ముందు పెట్టాడు.

"తీసుకో."

అప్పుడే, పట్టపగలు, గుడి బయట నక్క ఊళ వేసింది.

చూరు నుంచి నిప్పు కురిసింది. ఎండిన చెట్టుబెరడు కప్పు భగ్గుమంది. హేమాంగదుడు కత్తి అందుకుని బయటికి దూకాడు. మెట్ల కింద సంపెంగవ్వ కాగడా పట్టుకుని నిటారుగా నిలబడి ఉంది. మోకాళ్ల నొప్పి లేదు, వంగిన నడుం లేదు. ముడతల చర్మం పాము కుబుసంలా ఊడి మంచులో రాలిపోతోంది. లోపల్నుంచి సన్నని మూతి, పసుపుపచ్చ కళ్లు, కపాలాల మాల బయటపడ్డాయి.

"జంబుకనాథా!"

"ఆఁ, నేనే. నా భటులు నిన్ను తరుముతున్నారనుకున్నావా యువరాజా? తరమలేదురా, తోలుకొచ్చారు." మాంత్రికుడు కిచకిచ నవ్వాడు. "వాడు దేవుడైనా, కూర్చున్నంతకాలం ఈ నేలకు అతుక్కుని ఉంటాడు. నా మంత్రాలకి లేవడు. శూరపాలుడి రక్తం చెయ్యి పట్టుకుంటేనే లేస్తాడు. లేపిపెట్టావు, మేలు చేశావు! ఇక గుడి కాలిపోతే వాడికి నిలవ నీడ ఉండదు. గూడు లేని దేవుడు ముందు పిలిచినవాడి పాలబడతాడు."

రొంటిన దోపుకున్న నల్లమట్టి బొమ్మ ఒకటి తీశాడు. దాని నోరు తెరిచి ఉంది. మాంత్రికుడు ఏదో జపించగానే ఆ నోరు గాలిని పీల్చడం మొదలుపెట్టింది. మంటల మధ్య నిలబడ్డ ఎర్రదొర రూపం చెదిరి, పొగపాయలా సాగి, బొమ్మ వైపు కదలసాగింది. లోపల అద్దం టప్పున పగిలిన చప్పుడు వినిపించింది.

హేమాంగదుడు సింహంలా లంఘించి కత్తితో వేటు వేశాడు. అది జంబుకనాథుడి మెడకు తగిలి, కట్టెకు తగిలిన కట్టెలా వెనక్కి వచ్చింది. ఆ కత్తిలో ప్రాణం లేదు. ప్రాణం ఎవరిదో వాడు మట్టిబొమ్మలోకి జారిపోతున్నాడు. మాంత్రికుడు కాలితో తన్నితే హేమాంగదుడు మెట్ల మీద పొర్లాడు.

ఆలోచించే తీరిక లేదు. అతను లేచి గొంగడి చించేసుకుని, రొమ్ము విరుచుకుని అరిచాడు.

"అరుణకీర్తీ! నాలోకి రా! ఇదిగో నా ఒళ్లు, నీకు గూడు!"

పొగపాయ ఆగింది. పొగలోంచి గొంతు వచ్చింది. "శూరపాలుడి నెత్తుట్లోకా?"

"నిన్ను చంపింది ఆ నెత్తురే. మోసుకొచ్చిందీ ఆ నెత్తురే. కాదంటే ఆ నక్క చేతిలో బొమ్మవై ఉండు!"

ఒక్క క్షణం మంటలు కూడా కదలడం మానేశాయి. తరువాత మంచునీళ్ల సముద్రం ఒకటి హేమాంగదుడి కళ్లలోంచి, నోట్లోంచి, గోళ్ల సందుల్లోంచి లోపలికి విరుచుకుపడింది. అతని మెడ చుట్టూ సన్నని ఎర్రగీత ఒకటి తేలింది. చేతిలో కత్తి నిప్పుకొరివిలా వెలిగింది.

తను అడుగు వెయ్యలేదు. అయినా కాలు ముందుకు పడింది. తను చెయ్యి ఎత్తలేదు. అయినా కత్తి లేచింది. జంబుకనాథుడి మొహంలో మొదటిసారి నెత్తురు చుక్క లేకుండా పోయింది. అతను బొమ్మను అడ్డం పెట్టాడు. కత్తి బొమ్మను, బొమ్మను పట్టుకున్న చేతిని కలిపి నరికేసింది. కీచుమన్న అరుపు కొండలన్నీ తిరిగింది. మాంత్రికుడు ఉన్నచోట మూడుకాళ్ల నక్క ఒకటి గిరికీలు కొట్టి, మంచు మీద నల్లటి నెత్తుటి చుక్కలు రాల్చుకుంటూ, రాజధాని వైపు దిగే లోయలోకి ఉడాయించింది.

కట్టెల కొట్టం తలుపు విరిగింది. నిప్పురవ్వలు పడి కాలిపోతున్న గోడను భుజంతో తోసుకుని ఒక యువతి బయటపడింది. తెల్ల ధోవతి, ఎర్ర ఉత్తరీయం, చేతులకు ఇంకా నారతాళ్లు. మంటల్లో కూలుతున్న గుడిని చూసింది. కత్తి పట్టుకుని నిలబడ్డ హేమాంగదుణ్ణి చూసింది. అతని మెడ చుట్టూ ఉన్న గీతను చూసి, మంచులో సాగిలపడింది.

"దొరా! ఈ గుడి పూజారిణిని, కేతకిని. మా అమ్మ, మా అమ్మమ్మ, వాళ్లమ్మ, అందరం మీకు దీపం పెట్టినవాళ్లమే" అని ఏడ్చింది. "ఆ నక్క నన్ను కట్టిపడేసింది, ఆపలేకపోయాను. దొరా, మీ కాళ్లు పట్టుకుంటా, కూర్చోండి. తాతల నాడు మీరు కూర్చుని కోపగిస్తేనే సముద్రం ఊళ్లోకొచ్చింది. మీరు నడిస్తే ఇంక ఊళ్లు మిగలవు. కూర్చోండి దొరా!"

హేమాంగదుడు వంగి ఆమె చేతుల కట్లు విప్పాలనుకున్నాడు. 'భయపడకమ్మా, నేను యువరాజు హేమాంగదుణ్ణి' అని చెప్పాలనుకున్నాడు. నడుం వంగలేదు. పెదవులు మాత్రం కదిలాయి. వాటిలోంచి వచ్చింది అతని గొంతు కాదు.

"కూర్చున్నది చాలు."

పాదాలు వాటంతట అవే మెట్లు దిగసాగాయి. అడుగు పడినచోటల్లా మంచు కింద నుంచి ఇనుము రాపిడి, గుర్రాల సకిలింపు లేస్తున్నాయి. కేతకి కట్టిన చేతులతోనే లేచి, పడుతూ లేస్తూ, అతని వెనకే పరుగెత్తింది.